దుబాసమ్మ గొంతు

ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం ఆయా. ఫినాయిలు వేసి నేల తుడవడం, పక్కలు మార్చడం, రోగుల మలమూత్రాలు ఎత్తడం, శవాన్ని కిందికి దింపేటప్పుడు స్ట్రెచర్‌కి ఓ చెయ్యి వెయ్యడం ఆమె చెయ్యవలసిన పనులు. ఎక్కడా రాసిపెట్టి లేని పని ఇంకొకటి ఉండేది. దానివల్లే అసలు పేరు మరుగున పడిపోయి, పెద్ద సిస్టర్ మొదలుకొని లిఫ్టు నడిపే తాత దాకా అందరూ ఆమెను దుబాసమ్మ అని పిలిచేవారు.

ఆ ఊళ్ళో లేస్తున్న మేడలన్నిటికీ కూలీలు ఎక్కడో దూరదేశం నుంచి వచ్చేవారు. వాళ్ళ భాష వాళ్ళదే. పరంజా మీంచి జారిపడ్డవాళ్ళు, యంత్రంలో చెయ్యి ఇరుక్కున్నవాళ్ళు, సిమెంటు దుమ్ముకి ఊపిరాడనివాళ్ళు వారానికి నలుగురైదుగురైనా వచ్చి పడేవారు. వాళ్ళు చెప్పేది డాక్టర్లకు అంతుపట్టదు. డాక్టర్లు అడిగేది వాళ్ళకు తలకెక్కదు. అప్పుడు ఏదో ఒక వార్డు నుంచి కేక వినిపించేది.

"దుబాసమ్మని పిలవండి."

ఆమె తుడుపుకర్ర బకెట్లో వేసి, చేతులు కొంగుకి తుడుచుకుని లిఫ్టు దగ్గరికి నడిచేది.

"ఏమ్మా, ఇవాళ ఏ దేశానికి రాయబారం?" అనేవాడు తాత.

"నీ దగ్గరికే తాతా. నీ చెవులు పనిచెయ్యడం లేదని పైనుంచి కబురొచ్చింది. మూడో అంతస్తు అన్నాను, నాలుగో బొత్తాం నొక్కావు."

వార్డులోకి వెళ్ళి మంచం కాళ్ళవైపు నిలబడేది. నడుం మీద చెయ్యి వేసుకుని, మెడ నిటారుగా పెట్టి అడిగేది. అడిగిందే తడవు జవాబు వచ్చేది. అవును, కాదు, ఇక్కడ, అంతే. ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. మన భాష వచ్చిన రోగులైతే మోకాలి నొప్పి అడిగితే పెళ్ళినాటి కబుర్ల నుంచి మొదలుపెడతారని డాక్టర్లు విసుక్కునేవారు. దుబాసమ్మ ద్వారా అడిగితే మాత్రం కేసు షీటు రెండు నిమిషాల్లో నిండిపోయేది. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. పెద్ద డాక్టరు ఒకసారి అందరి ముందూ, "ఈవిడ లేకపోతే మనం మూగవాళ్ళతో సమానం" అన్నాడు. ఆ మాట ఆమె ఎన్నేళ్ళయినా మరిచిపోలేదు. తుడుపుకర్ర పట్టుకున్న చేతికి అంతకుమించి ఏం దక్కుతుంది.

కొత్తగా చేరిన నర్సు ఒకతె ఓసారి అడిగింది. "అక్కా, నువ్వు నోరు విప్పగానే వాళ్ళు బడిపిల్లల్లా అలా బిగుసుకుపోతారేంటి?"

"గౌరవమే తల్లీ. పరాయి చోట తమ మాట వినిపిస్తే ఎవరికైనా గౌరవమేగా."

ఇంట్లో ఉండేది ఇద్దరు, తనూ కూతురూ. భర్త పోయి పదకొండేళ్ళయింది. రెండు గదుల్లో ముందుగది కూతురి కుట్టుమిషనుది. గుడ్డముక్కల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. ఓ ఆదివారం ఆసుపత్రి నుంచి ఫోను వస్తే దుబాసమ్మ గుమ్మంలో నిలబడి రోగితో మాట్లాడింది. కూతురు మిషను ఆపేసింది.

"ఎవర్నమ్మా అలా తిడుతున్నావు?"

"తిట్టడమేంటే. జ్వరం తగ్గిందా అని అడిగాను."

"అలా అడిగితే నాకు లేని జ్వరం కూడా వస్తుంది."

"ఆ భాషే అంత. గరుకు భాష."

"గరుకు భాషదా, నీ గొంతుదా?" అని కూతురు నవ్వి సూదిలో దారం ఎక్కించుకుంది. దుబాసమ్మ కూడా నవ్వేసింది. తన సొంత భాషలో ఆమె అంత మెత్తని మనిషి మరొకరు లేరు. రోగులందరూ ఆమెకు నాయనలూ తల్లులూ బంగారుకొండలే. సూదికి భయపడే ముసలాయన్ని మాటల్లో పెట్టి, సూది గుచ్చిన సంగతి కూడా తెలియనిచ్చేది కాదు. అలాంటి మనిషిని పట్టుకుని గొంతు గరుకంటే నవ్వక ఏం చేస్తుంది.

ఆ భాష ఆమెకు ఇటుకల బట్టీలో అబ్బింది. తండ్రి అక్కడ మేస్త్రీ. బట్టీలో అందరూ ఈ దేశం కాని కూలీలే. పొగకి తండ్రి గొంతు పోయింది. పిల్లిపిల్ల అరిచినంత శబ్దం కూడా వచ్చేది కాదు. గొంతు లేని మేస్త్రీని ఎవరు ఉంచుకుంటారు. అందుకని తొమ్మిదేళ్ళ కూతుర్ని తెచ్చి బోర్లించిన బకెట్ మీద నిలబెట్టాడు. ఆయన చెవిలో గుసగుసలాడేవాడు, ఆమె వాళ్ళ భాషలో అరిచేది. ఎత్తు. దించు. తొందరగా. కూర్చోకు. ఎవడువాడు. ఎందుకాగావు. నెలలు తిరిగేసరికి తండ్రి చెప్పకుండానే అరవడం వచ్చింది. కూలీలు ఆమెను చిన్న మేస్త్రీ అనేవారు. తనంటే వాళ్ళకు ముద్దని అనుకునేది. వాళ్ళ పాకలు మట్టిగుంటకి అవతల ఉండేవి. ఎప్పుడైనా అటు వెళితే మాటలు ఆగిపోయేవి. నెమ్మదస్తులు, పెద్దగా మాట్లాడుకోరు అనుకునేది. ఆ భాషలో పిల్లల్ని ఎలా జోకొడతారో, అలిగిన భార్యను ఎలా బుజ్జగిస్తారో ఆమె ఎన్నడూ వినలేదు.

ఒకసారి ఒక ఆడమనిషి పాదం మీద కాలిన ఇటుక పడింది. చర్మం ఊడివచ్చింది. చిన్న మేస్త్రీ బకెట్ మీంచే, నొప్పుందా అని అడిగింది. లేదు అని ఆమె తట్ట నెత్తికెత్తుకుని నడిచిపోయింది. తండ్రి ఆశ్చర్యంగా తలాడించి, "చూశావా, వాళ్ళవి గట్టి ప్రాణాలు" అని చెవిలో అన్నాడు. ఆ మాట ఆమెలో అలాగే ఉండిపోయింది. పెద్దదై, పెళ్ళయి, బట్టీ మూతపడి, ఆయాగా చేరాక డాక్టర్లకు కూడా అదే చెప్పేది. వాళ్ళవి గట్టి ప్రాణాలు డాక్టరుబాబూ, మనలా కాదు.

ఇక రెండేళ్ళలో ఉద్యోగ విరమణ ఉందనగా, ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి ఒక కూలీని తెచ్చారు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. రెండో అంతస్తు పరంజా మీంచి ఇసుకకుప్ప మీద పడ్డాడట. తోటివాళ్ళు గేటు దగ్గర దింపేసి పని వేళ దాటిపోతోందని వెళ్ళిపోయారు. ఏడో నంబరు మంచం ఇచ్చారు. తొమ్మిదింటికి డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్ర డాక్టరు, చేరి ఆరు నెలలైంది. ఓపిక ఉన్నవాడే. దుబాసమ్మని పిలిపించి, కడుపు మీద చెయ్యివేసి మెల్లగా నొక్కుతూ, "నొప్పి ఉందేమో అడుగమ్మా" అన్నాడు.

ఆమె కాళ్ళవైపు నిలబడింది.

"నొప్పుందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"లేచి నడువు."

అతను లేచాడు. మంచం కమ్మీ పట్టుకుని నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చి, నిలబడే ఉన్నాడు. పడుకోమని ఆమె చెప్పేదాకా పడుకోలేదు. పైపెదవి మీద చెమట పట్టింది. వార్డులో పంకా తిరగడం లేదుగా అనుకుంది.

"నాడి కాస్త వేగంగా ఉంది" అన్నాడు డాక్టరు.

"భయం డాక్టరుబాబూ. ఎప్పుడూ ఆసుపత్రి మొహం చూసి ఉండడు. వాళ్ళవి గట్టి ప్రాణాలు, రేపటికి లేచి పనికి పోతాడు."

స్కానింగు గది ముందు రోజంతా తెగని వరస. నొప్పి ఎక్కువున్నవాళ్ళను ముందు పంపుతారు. డాక్టరు ఒక క్షణం ఆలోచించి, నొప్పి లేదని షీటులో రాసి, రేపు పొద్దున పంపించెయ్యమన్నాడు. ఎనిమిదో మంచం దగ్గరికి జరిగాడు. దుబాసమ్మ తుడుపుకర్ర తీసుకుంది.

సాయంత్రం నాలుగింటికి చూడ్డానికి వచ్చేవాళ్ళను వదిలారు. ఏడో మంచం దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా సిమెంటు అంటుకుని కాళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. అతని భార్య అని చూడగానే తెలిసిపోయింది. దుబాసమ్మ బకెట్ దించి చెప్పింది.

"రేపు పొద్దున పంపించేస్తారు. గుడ్డలు తెచ్చుకో. ఆలస్యం చెయ్యకు."

ఆ అమ్మాయి చటుక్కున చేతులు వెనక్కి కట్టుకుని, నేలచూపులు చూస్తూ గబగబా అంది. "ఎల్లుండికల్లా పనికి వస్తాడు. అతని చోట ఇంకెవర్నీ పెట్టుకోకండి. ఆ రెండు రోజులూ అతని బరువు కూడా నేనే మోస్తాను."

దుబాసమ్మకు అర్థం కాలేదు. "నాకెందుకు చెబుతున్నావు?"

"మీరు కంపెనీ మనిషి కదా."

"నేను ఆయాని. నేల తుడుస్తాను."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. బకెట్ చూసింది, ఆమె తడిసిన కుచ్చిళ్ళు చూసింది. అయినా నమ్మలేదు. "మా మేస్త్రీ మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు" అంది మెల్లగా. "పొద్దున ఎవరో వచ్చి పనికి పనికొస్తాడో లేదో చూసి వెళ్ళారని ఇతను చెప్పాడు. అది మీరేనా?"

దుబాసమ్మ మంచం మీది మనిషిని చూసింది. అతను పైకప్పు వైపు చూస్తున్నాడు. దవడ ఎముక బిగుసుకుని ఉంది. తలగడ పక్కన ఉన్న తువ్వాలుకి ఒకచోట పళ్ళ గాట్లు పడి చిల్లులు పడ్డాయి.

మేస్త్రీ వచ్చి నొప్పుందా అని అడిగితే ఏ కూలీ ఉందంటాడు. ఉందన్న రోజే పని పోతుంది. ఈ సంగతి ఆమెకంటే ఎవరికి బాగా తెలియాలి. బకెట్ మీద నిలబడి నేర్చుకుందంతా అదేగా.

ఆమె ఏం చెయ్యాలో తోచక రెండు అరచేతులూ చాచి ఆ అమ్మాయి ముందు పెట్టింది. ఫినాయిలుకి చర్మం పగిలి, గోళ్ళ చుట్టూ తెల్లగా నానిపోయిన చేతులు. మేస్త్రీల చేతులు అలా ఉండవు. ఆ అమ్మాయి ఒక వేలితో ఆ పగుళ్ళను తాకి చూసింది. అప్పుడు చెప్పింది.

"పొద్దున్నుంచీ నొప్పేనట. మధ్యాహ్నం నుంచి కడుపు బిగదీసుకుపోతోందట. భుజంలోకి కూడా లాగుతోందట. అరిస్తే పనికిరాడని రాసేస్తారని తువ్వాలు కొరుక్కుంటున్నాడు. మీరెవరికీ చెప్పకండి."

డాక్టర్ల గది వార్డు చివర ఉంది. ఇరవై అడుగులుంటుంది. దుబాసమ్మ ఆ తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల డాక్టరు, పెద్ద సిస్టర్, పాఠానికి వచ్చిన విద్యార్థులు ముగ్గురు ఉన్నారు. నొప్పి ఇప్పుడే మొదలైందని చెప్పెయ్యవచ్చు. ఎవరూ ఆరా తియ్యరు. కానీ ఇప్పుడే మొదలైందంటే, రాత్రికి చూద్దాంలే అంటారేమో. పొద్దున్నుంచీ ఉందనాలి. పొద్దున తను తెచ్చిన జవాబు అబద్ధమనాలి. ఆ మాట ఒకసారి బయటికొస్తే పొద్దుటి జవాబు దగ్గరే ఆగదు. ఇరవై రెండేళ్ళ జవాబులన్నీ ఒక్కొక్కటే లేచి కూర్చుంటాయి. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది, తీసేసింది. వెనక ఏడో మంచం కిర్రుమంది. అప్పుడు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"ఏడో నంబరుకి నొప్పి ఉంది బాబూ. పొద్దున్నుంచీ ఉంది."

"పొద్దున లేదన్నావుగా."

"అతను లేదన్నాడు. నేనడిగానని లేదన్నాడు."

డాక్టరు కలం ఆపాడు. "అంటే?"

"నేను వాళ్ళ భాష మేస్త్రీగా నేర్చుకున్నాను బాబూ. నాకు వేరే రకంగా అడగడం రాదు. నన్ను చూస్తే వాళ్ళకు పనిలోంచి తీసేసేవాళ్ళు గుర్తొస్తారు. నాకెవరూ నిజం చెప్పరు."

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి ఆమెవైపు చూసింది. "ఇన్నాళ్ళూనా?" అంది.

డాక్టరు అప్పటికే లేచి ఏడో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈసారి కడుపు మీద చెయ్యి వెయ్యగానే డాక్టరు ముఖం మారిపోయింది. పొట్ట చెక్కలా గట్టిగా ఉంది. నాడి చేతికి అందీ అందకుండా పరుగెడుతోంది. స్కానింగు లేదు, వరస లేదు, నేరుగా థియేటరుకి అన్నాడు. సిస్టర్లు పరిగెత్తారు. రక్తం సీసాల కోసం ఒకరు కిందికి దిగారు.

థియేటరు తలుపు దగ్గర స్ట్రెచర్ పది నిమిషాలు ఆగింది. లోపల సిద్ధం చేస్తున్నారు. అతని కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. దుబాసమ్మకు, ఏం కాదు నాయనా, భయపడకు అని చెప్పాలనిపించింది. నోరు తెరిచింది. ఆ భాషలో ఆమెకు అందిన మాట ఒక్కటే. కదలకు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ అమ్మాయివైపు తిరిగి అడిగింది.

"చిన్నప్పుడు నీకు దెబ్బ తగిలితే మీ అమ్మ ఏమనేది?"

ఆ అమ్మాయి తెల్లబోయి చూసి, చిన్నగా ఒక మాట చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది. దుబాసమ్మ ఆ మాటల్ని ఎన్నడూ వినలేదు. అదే భాష. వేరే భాషలా ఉంది. మోకాళ్ళు వంచి, స్ట్రెచర్ పక్కన అతని చెవికి దగ్గరగా కూర్చుని, పిల్లలు కొత్త పాఠం అప్పజెప్పినట్టు ఆ రెండు మాటలూ అప్పజెప్పింది. పలకడం సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు. అతని కళ్ళు ఆమె మీద నిలిచాయి. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. నొప్పి, చాలా నొప్పి అన్నాడు. దాహం అన్నాడు. పరంజా తాడు కుళ్ళిపోయిందని ముందురోజే చెప్పానన్నాడు. ఇల్లు, అమ్మ, ఇంకా ఏవేవో. సగం ఆమెకు అర్థం కాలేదు. ఆ భాషలో ఆమెతో ఎవరూ ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడింది లేదు. తలుపులు తెరిచి స్ట్రెచర్ లాక్కుపోయినా అతని మాటలు ఆగలేదు. తలుపులు మూసుకున్నాకే వినిపించడం మానేశాయి.

ప్లీహం చిట్లిందట. పొద్దున్నుంచీ రక్తం చుక్క చుక్కగా లోపలే కారుతోందట. కుట్టారు, రక్తం ఎక్కించారు. పొద్దు గుంకే వేళకి బయటికి తెచ్చి, లోపలి గదిలో యంత్రాల మధ్య పడుకోబెట్టారు. రేపటిదాకా ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. "పొద్దున్నే గనక చూసుంటే" అని మొదలుపెట్టి, దుబాసమ్మ ముఖం చూసి ఆపేశాడు. షీటులో ఏం రాశాడో అతనికీ గుర్తుంది.

ఇంటికి వెళ్ళి ఆమె కంచం ముందు కూర్చుంది. అన్నం కలిపి, చెయ్యి అలాగే ఉంచేసింది. కూతురు ఏమైందమ్మా అంది. ఏం లేదే అంది. తర్వాత ఉన్నట్టుండి లెక్క మొదలైంది. ఛాతీలో నొప్పి లేదన్నవాడు ఒకడు, మెట్లమీద కూలబడ్డాడు. కాలు తీసేసేటప్పుడు సరేనా అని తను అడిగితే సరే అన్నవాడు. పురిటినొప్పులు లేవన్న అమ్మాయి. ఆ బిడ్డ. అప్పట్లో ప్రతిసారీ, వాళ్ళే చెప్పారు కదా అనుకుంది. ఒక్క అక్షరం మార్చకుండా అందించాను కదా అనుకుంది. మార్చలేదు, నిజమే.

"అమ్మా, చెయ్యి ఎండిపోతోంది, కడుక్కో" అంది కూతురు.

మర్నాడు ఏడింటికి డ్యూటీ ఎక్కేసరికి ఆ అమ్మాయి వరండా బెంచీ మీద అలాగే ఉంది. పక్కన గుడ్డల మూట. గుడ్డలు తెచ్చుకోమందిగా, రాత్రే వెళ్ళి తెచ్చుకుంది. దుబాసమ్మ టీ తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి తాగి, మొదటిసారి కొంచెం నవ్వింది. బాగయ్యాక అతన్ని పరంజా ఎక్కనివ్వనంది. ఇసుక జల్లెడ పట్టే పని అడుగుతాం, ఇద్దరం ఒకచోటే ఉంటాం అంది. మళ్ళీ ఒకసారి ఆ రెండు మాటలు చెప్పించుకుని, పలకడం దిద్దింది. దుబాసమ్మ తప్పు పలికితే చేత్తో నోరు మూసుకుని నవ్వింది.

తొమ్మిదిన్నరకు లోపలి గదిలోంచి పెద్ద సిస్టర్ వచ్చింది. వచ్చే తీరులోనే తెలిసిపోయింది.

"పోయాడు. ఆ పిల్లకి చెప్పు. కాగితాల మీద వేలిముద్ర కూడా కావాలి. ఇంకో ముగ్గురు బయట మంచం కోసం ఉన్నారు."

"కాస్సేపు ఆగి చెప్పనా సిస్టర్?"

"ఆగితే మారుతుందా." సిస్టర్ గొంతు కటువుగా లేదు, అలిసిపోయి ఉంది. "నువ్వు కాకపోతే ఎవరు చెబుతారు?"

వరండా దాటుతున్నంతసేపూ దుబాసమ్మ మాట వెతుక్కుంది. నిన్నటి నుంచి ఆ అమ్మాయి దగ్గర ఎన్ని నేర్చుకుంది. ఊరడించడం నేర్చుకుంది, దాహమా అని అడగడం నేర్చుకుంది. ఇది మాత్రం అడగడానికి నోరు రాలేదు. బట్టీలో ఎవరైనా పోతే ఒక మాట అరిచేవారు. పక్కవరసవాడు ఖాళీలోకి జరగాలని ఆ అరుపు. ఆమె దగ్గర ఉన్నది అదే.

ఆ అమ్మాయి ఆమెను చూసి లేచి నిలబడింది. దుబాసమ్మ కూడా నిలబడే ఉంది. ఆ మాటను బలవంతంగా బయటికి లాగి అనేసింది. అలా లాగేసరికి పాత గొంతే వచ్చింది. వరండాలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"నీవాడు ఇక లేడు."

ఆ అమ్మాయి చేతులు వెనక్కి వెళ్ళాయి. కళ్ళు నేలమీదికి దిగాయి.

"సరే" అంది.

నిన్న జవాబు చెప్పినంత వేగంగానే అంది. వంగి మూట అందుకుంది. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని అడిగింది. ఎప్పటికల్లా తీసుకుపోవాలని అడిగింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. దుబాసమ్మ ఆమె భుజం పట్టుకుంది. బూడిదరంగు చర్మం కింద ఎముక వణుకుతోంది. ముందురోజు నేర్చుకున్న రెండు మాటలూ చెప్పింది, పలకడం తప్పకుండా చెప్పింది. ఆ అమ్మాయి విని, తలూపింది.

"కూర్చో" అంది దుబాసమ్మ.

కూర్చుంది.

"ఏడువమ్మా" అంది, ఈసారి తన భాషలో. ఆ అమ్మాయికి ఆ మాట తెలియదు. తనను ఏం చెయ్యమంటున్నారో తెలుసుకోవడానికి తలెత్తి, ఆమె ముఖంలోకి చూస్తూ, మళ్ళీ చేతులు వెనక్కి కట్టుకుని ఎదురుచూస్తోంది.